రాకెట్ కనిపించే ఇల్లు అమ్మబడును

మా సముద్రపు ఊళ్లో విశాలమైన ఇల్లొకటి అమ్మకానికి ఉందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాం. ఐదు గదులు, తూర్పు వాకిలి, పెరట్లో సపోటా చెట్టు. మిద్దె ఎక్కితే శ్రీహరికోటలో లేచే రాకెట్ మబ్బుల్లో కలిసేవరకు ఏ అడ్డమూ లేకుండా కనిపించును. యజమానురాలు లోకేశ్వరి. భర్త జయరామ్‌కు కిడ్నీలు చెడిపోయి, రోజు విడిచి రోజు డయాలసిస్‌కు తిరుపతి బస్సెక్కిస్తోంది. ఇల్లమ్మి, ఆసుపత్రి పక్కన రెండు గదులు కొనుక్కోవాలని ఆమె ఆశ. ఆశ చిన్నదే కాబట్టి మా వీధిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ప్రకటనకు స్పందన అద్భుతంగా వచ్చింది. కాకపోతే కొనేవారంతా రాకెట్ రోజే వచ్చారు. చిత్తూరు నుంచి, నగరి నుంచి, బంగారుపాళ్యం నుంచి పిల్లలతో, చాపలతో, పులిహోర డబ్బాలతో దిగి, గదుల వంక చూడకుండా నేరుగా మిద్దెక్కారు. లోకేశ్వరి అందరికీ మజ్జిగ ఇచ్చింది. రాకెట్ పైకి పోగానే వారు కిందికి దిగి, "ఇల్లు శానా బాగుండాదమ్మా, ఇంట్లో మాట్లాడి చెప్తాం" అన్నారు. ఇంట్లోవాళ్లంతా వెంటే ఉన్నారని ఆమె మర్యాద కొద్దీ గుర్తు చేయలేదు. ఒకసారి ప్రయోగం మరుసటి రోజుకు వాయిదా పడితే, వచ్చినవాళ్లు ఐదు గదుల్లోనూ హాయిగా పడుకుని, ఇల్లు నిజంగానే విశాలమైనదని ధ్రువీకరించారు.

ప్రతి ప్రయోగానికీ ఆ మిద్దె మీద ప్రసంగించేది మా వీధి పెద్ద, రిటైరైన సైన్సు మాస్టారు పరంధామయ్య. దేశం ఎంత ఎత్తుకు ఎదిగిందో ఆయన చేతులెత్తి చూపిస్తుంటే మాకు ఒళ్లు పులకరించేది.

రాకెట్ లేని ఒక మంగళవారం సుభాన్ బాషా వచ్చాడు. పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి. తల్లి, భార్య, పిల్లలు, తమ్ముడి కుటుంబంతో ఇరుకైన అద్దింట్లో ఉంటున్నాడు. ఆయన మిద్దె ఎక్కనే లేదు. కుళాయిలు తిప్పాడు, గోడలు తట్టాడు, వంటింటి పొగ ఎటు పోతుందో అడిగాడు.

"రాకెట్ మా షెడ్డు కాడికీ కనపడతాదిలే అక్కా. మాయమ్మ పడుకునేదానికి ఒక గది కావాల" అన్నాడు. చెప్పిన ధరకు ఒప్పుకున్నాడు. లోకేశ్వరి చాలాకాలానికి నవ్వింది. ఇల్లు కొనడానికి ఇల్లు చూసిన మనిషిని మా వీధి అదే మొదటిసారి చూడటం.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది.

"మేమేం అట్లాంటోళ్లం కాదమ్మా లోకేశ్వరీ" అని పరంధామయ్య ప్రారంభించారు. "బాషా నాకు తమ్ముడి లెక్క. రంజానుకు వాళ్లింటి బిర్యానీ అడిగి మరీ పెట్టించుకున్నా. అయినా వీధికొక పద్ధతుండాది గదా!"

"నేను మా ఆయన్ను బతికించుకోవాల సార్. మీలో ఎవురన్నా కొంటారా?" అంది లోకేశ్వరి.

ఎవరూ కొనరు. అయితే సానుభూతి తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. లోకేశ్వరి ఇంటి మురుగుకాలువ తన పెరట్లో నుంచే పోతుందని పరంధామయ్య సందర్భవశాత్తు గుర్తుచేశారు.

ఆమె బెదరలేదు. రిజిస్ట్రేషన్‌కు రోజు కూడా చూసుకుంది. వెనక్కి తగ్గింది సుభాన్ బాషానే.

"వద్దులే అక్కా. రేపు నా పిల్లోళ్లు ఆడుకోవాల్సింది ఆ వీధిలోనే గదా" అన్నాడు.

ఆవిధంగా ఒక్క గొంతు పైకి లేవకుండా, ఒక్క రాయి పడకుండా వ్యవహారం ముగిసింది. మా ఊరి మతసామరస్యం గురించి ఇంకా ఎవరికైనా అనుమానముంటే మేమేం చేయలేం.

తర్వాతి ప్రయోగం రోజు లోకేశ్వరి, ఎవరైనా కొనేవాళ్లు వస్తే చూపించమని తాళంచెవి పరంధామయ్యకిచ్చి, భర్తను తీసుకుని బస్సెక్కింది. మిద్దె కిటకిటలాడింది. "విజ్ఞానానికి కులమతాల్లేవు! మానవుడు చంద్రుడి మీద ఇల్లు కట్టుకునే రోజు దగ్గర్లోనే ఉంది!" అని పరంధామయ్య గర్జించారు. చప్పట్లు మోగాయి. ఇల్లు చూడవచ్చిన కార్లతో రోడ్డంతా నిండిపోయి, రాకెట్ కక్ష్యలోకి చేరే వేళకు జయరామ్ బస్సు ఇంకా ఊరి పొలిమేర దాటలేదు.

ఇల్లు ఇంకా అమ్మకానికే ఉంది. సుభాన్ బాషా కూడా ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. మా వీధిని చూసి మనసు నొచ్చుకున్న పాఠకులు, తమ పక్కిల్లు ఏదైనా ఖాళీగా ఉంటే ఆయనకు కబురు చేయగలరు. ఇంట్లో మాట్లాడి చెప్తామన్నా ఆయన ఏమీ అనుకోడు.