ఏదొచ్చినా ఆమోదమే

కంపైలర్ పరీక్షల విభాగంలో ఎర్రదీపం శాశ్వతంగా ఆరిపోయిందని తెలియజేయడానికి సంస్థ మిక్కిలి సంతోషిస్తున్నది.

ఆ దీపం బాగోగులు చూసే ఉద్యోగినిని అందరూ ఎర్రక్క అంటారు. మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. ప్రోగ్రాములో తప్పుంటే ‘పన్నెండో వరుసలో తప్పుంది’ అని అది చెప్పాలి. ఆ మాట ఎర్రక్క దగ్గరున్న జవాబుతో పొల్లుపోకుండా సరిపోవాలి. ప్రోగ్రాము పైభాగంలో ఎవరైనా ఒక ఖాళీ వరుస చేర్చారా, పన్నెండు పదమూడై దీపం వెలిగేది. పన్నెండుని పదమూడుగా దిద్దడానికి ఇద్దరు నిపుణులు, వాళ్లమీద ఒక పర్యవేక్షకుడు ఉండేవారు.

విసిగిపోయిన ఎర్రక్క ఆ పోలికలోకి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు తెచ్చింది. అంటే ‘ఇక్కడ ఏ అంకె ఉన్నా పర్వాలేదు, మిగతాది ఉన్నదున్నట్టు రావాలి’ అని చెప్పే సదుపాయం. చుక్క పెట్టి పక్కన నక్షత్రం పెడితే ‘ఏదొచ్చినా సరే’ అని కూడా మాటవరసకి చెప్పింది. కొంపలు మునిగేది ఎప్పుడూ మాటవరస దగ్గరే.

పన్నెండు ఎక్కడుందో వెతకడం దేనికని నిపుణులు జవాబులన్నీ చెరిపి చుక్కా నక్షత్రం పెట్టి చేతులు దులుపుకున్నారు. అంతటా పచ్చదీపాలే. సరిగ్గా అప్పుడే కంపైలర్ మూగబోయింది. ఏ ప్రోగ్రామిచ్చినా కిక్కురుమనదు. పరీక్షలు మునుపటికంటే చురుగ్గా నెగ్గాయి. వేగానికి పురస్కారం ప్రకటించి, మర్నాడే విడుదలన్నారు.

ఇన్నేళ్లూ బయటివాళ్లు నమ్మింది ఎర్రక్క పరీక్షల్నే. ఆమె సంస్థ పెద్దాయన గదికి పరిగెత్తింది.

"సార్, అది అసలేమీ చెయ్యట్లేదండీ!"

"ఏదొచ్చినా సరే అన్నది నువ్వేగా తల్లీ? ఏమీ రాకపోవడం కూడా అందులో ఒకటేగా!" అని పెద్దాయన లేచి నిలబడ్డారు. "సహనమే ఈ సంస్థ ఊపిరి!"

గదిలో చప్పట్లు కొట్టడానికి ఆమె ఒక్కతే ఉంది. కొట్టింది.

మనసొప్పక, విడుదలతో వెళ్లే ఒప్పందం పేజీ పైన లావుపాటి అక్షరాల్లో రాసింది: ‘ఈ కంపైలర్ పనిచేయదు. దయచేసి తీసుకోకండి.’ ఆ పేజీని సరిచూసేదీ చుక్కా నక్షత్రమే కాబట్టి వెంటనే ఆమోదం లభించింది.

ఒక్కరైనా చదివి ఆగకపోతారా అని ఎర్రక్క ఫోను పక్కనే కూర్చుంది. అది మోగలేదు. లక్షలమంది ‘పూర్తిగా చదివాను, అంగీకరిస్తున్నాను’ అని నొక్కి తీసుకున్నారు. వాళ్లలో మీరూ ఉన్నారు. మీమీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది.