నీకింకా మూడున్నాయి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకు మిగిలిన ఆ రెండు పళ్ళూ ఈ పూటే ఊడిపోవాలి.

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరవాళ్ళు మర్నాడు “చిరంజీవ” అనేవాళ్ళు, ఓబులేసు అనే అడవిదున్న ఉండేవాడు. ఏటి అవతలి అడవితో యుద్ధమొచ్చినప్పుడు సింహంరాజు తరఫున ముందు వరసలో నిలబడ్డాడు. అక్కడే వెనక కాలు టప్‌మని విరిగింది. ఆ చప్పుడు వాడి బుర్రలో ఉండిపోయింది. అప్పట్నించీ ఎక్కడ టప్‌మన్నా కళ్ళు మూసుకుని, తల వంచి దూసుకుపోవడమే. దుంగలు లాగే పనిలో పెడితే ఎవరో ఎండుపుల్ల తొక్కారు. వాడు కళ్ళు తెరిచేసరికి పక్కనున్న వెదురుతోట లేదు. ఇంక ఎవరు పనిస్తారు?

కుంటికాలితో మేతకి పోలేడు. ఆ ఎండాకాలం వాడి డొక్కలు ఎంత లోపలికి పోయాయంటే, కాకులొచ్చి గూడు కట్టుకోవచ్చా అని అడిగాయి.

యుద్ధంలో దెబ్బతిని ఏ పనీ చెయ్యలేని సైనికుడికి రోజూ ఇంటికి పచ్చగడ్డి పంపాలని రాజుగారి ఆజ్ఞ. ఆ గడ్డి మంజూరు చేసే ఆఫీసు మాత్రం కొండమీద. అధికారి నక్క చలమయ్య. ఎన్ని మోపుల గడ్డి మిగిలిస్తే అన్ని ఎండ్రకాయలు ఆయనకి బహుమానం.

ఓబులేసు కాలీడ్చుకుంటూ కొండెక్కాడు.

“కొండెక్కి వచ్చావే. బరువులు మొయ్యగలవన్నమాట” అన్నాడు చలమయ్య.

“రాకపోతే గడ్డి ఇవ్వరు కదయ్యా.”

“రాకపోతే అవసరం లేదనుకుంటాం. పో, డాక్టరుగారికి చూపించుకో.”

డాక్టరు కొంగ. ఎప్పట్లాగే ఒంటికాలి మీద నిలబడి ఓబులేసు కాళ్ళు లెక్కపెట్టాడు.

“పుట్టినప్పట్నించీ ఒంటికాలి మీదే కొలువు చేస్తున్నాను. నీకింకా మూడున్నాయి. సిగ్గులేదటయ్యా?”

“తమరి రెండోది పొట్టకింద ముడుచుకునుంది డాక్టరుగారూ.”

“చూపు బ్రహ్మాండం” అన్నాడు కొంగ చలమయ్యతో. “కాపలాకి పనికొస్తాడు.”

ఓబులేసు కదల్లేదు. అప్పుడు చలమయ్య గొంతు మెత్తబరిచి, “ఒక పనిలో చేరు. అది చేతకాక బయటపడు. అదే రుజువు. గడ్డి నేనే పంపిస్తా” అన్నాడు.

“ఏం పని?”

“గుమ్మంలో ఊరికే కూర్చోవడం. ఈ ఆఫీసులో ఆ పని చేతకానివాడు ఇంతవరకూ పుట్టలేదు.”

ఓబులేసు కూర్చున్నాడు. ఉన్నమాట చెప్పాలి, బాగానే కూర్చున్నాడు. చలమయ్య మురిసిపోయి రాజుగారికి కబురంపాడు: కుంటి సైనికుడు నా చలవ వల్ల కొలువు చేస్తున్నాడు, ఇక గడ్డి ఎవరికీ అక్కర్లేదు, కళ్ళారా చూసిపోండి అని.

రాజుగారు జూలు దువ్వించుకుని, అడవంతా పట్టపగలే మళ్ళీ తెల్లారిందనుకునేంత మెరిసిపోతూ వచ్చారు.

“నా దిష్టే తగిలేట్టుంది ప్రభూ” అంటూ చలమయ్య రెండు చేతులూ రాజుగారి మొహం చుట్టూ తిప్పి, తన కణతలకి ఆనించి మెటికలు విరిచాడు.

టప టప టప్.

ఓబులేసు లేచాడు.

ఆఫీసు దొర్లుకుంటూ వెళ్ళి ఏట్లో పడింది. కొంగ ఎగరడం మర్చిపోయి పరిగెత్తాడు. ఆయనకి రెండు కాళ్ళున్నాయని అడవి మొత్తం ఆవేళే చూసింది. రాజుగారు టేకుచెట్టు చిటారుకొమ్మన తేలారు.

“వీడు కూర్చోడానికి కూడా పనికిరాడర్రా. బతికున్నన్నాళ్ళూ ఇంటికి గడ్డి పంపండి. ముందు నన్ను దింపండి” అని అక్కణ్ణుంచే ఆజ్ఞ ఇచ్చారు.

ఆ సాయంత్రమే ఓబులేసు గుమ్మంలో పచ్చగడ్డి దిగింది.

ఆఫీసు గోడ మీదపడి కాలు విరిగిన చలమయ్య, కొలువూ పోయి, కుంటుకుంటూ కొంగ దగ్గరికే వెళ్ళాడు. “ఏ పనీ చెయ్యలేను డాక్టరుగారూ.”

కొంగ ఒక కాలు పొట్టకిందికి సర్దుకున్నాడు. “నీకింకా మూడున్నాయి.”

నీతి: ఏ పనీ చేతకాదని రుజువు చెయ్యాలంటే ఆఫీసు కూలగొట్టేంత సత్తువుండాలి.

విన్నావుగా, ఇక లేచి వంటింటి గట్టుమీదున్న నా అడకత్తెర పట్రా. కాలు తిమ్మిరెక్కిందా? రెండోదుందిగా, దానిమీద వెళ్ళు.