తలపోత కూలీ

గుల్లలపాలెంలో పాతరోజులు తలుచుకునే పనికి ఊళ్ళోవాళ్ళెవరూ ముందుకు రాకపోవడంతో, పంచాయతీ వారు ఆ పనికి కూడా బెంగాల్లోని మాల్దా నుంచి కూలీలను రప్పించారు.

‘ఆ పనికి కూడా’ అనడం ఎందుకంటే, రొయ్యల చెరువుల్లో మేత చల్లడం, వలలు లాగడం, రొయ్య తలలు తీయడం అప్పటికే వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. గుల్లలపాలెం ఒకప్పుడు వరి పండే ఊరు. రొయ్యకు ఎంత వస్తుందో తెలిశాక ఊరంతా ఒక్క మాట మీద పొలాలు తవ్వేసి చెరువులు చేసుకుంది. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ తర్వాత మాత్రం చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడంతోనే సరిపోయి, కూర్చుని పాత సంగతులు తలుచుకునే తీరిక ఎవరికీ లేకుండా పోయింది. తలవని జ్ఞాపకం పులిసిపోతుందని జనానికి మొదట్లో తెలియలేదు. సాయంత్రం గట్టు మీద నిలబడితే గుండెల్లో ఏదో పట్టేసినట్టు ఉండేది. ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాసన్నాడు. కొల్లి వీర్రాజు గారైతే, తోడబుట్టిన చెల్లెలు ఇంటికొస్తే మేత కంపెనీ మనిషనుకుని, కుర్చీ వేసి రేటు తగ్గించమని బతిమాలాడు. అప్పుడు ప్రభుత్వం కళ్ళు తెరిచి పథకం పెట్టింది.

‘ఎవరి జ్ఞాపకానికి వారే బాధ్యులు’ అన్నది పథకంలో మొదటి నిబంధన. తీరిక లేనివారు కూలీని పెట్టుకోవచ్చన్నది రెండోది. ముందు ఊరి కుర్రాళ్ళనే అడిగారు. “చెరువు కూలిలో సగం కూడా లేదు. పైగా రోజంతా గట్టు మీద కూర్చుని ఎవరి అమ్మమ్మనో తలుచుకోవాలా? మాకేం ఖర్మండీ!” అన్నారు వాళ్ళు. అదీ న్యాయమే మరి.

అలా వచ్చినవాళ్ళలో నిమాయ్ మండల్ ఒకడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. పని విధానం తేలికే. ఇంటివాళ్ళు గ్రామ సచివాలయానికి వచ్చి, అతని ఎదురుగా కూర్చుని, జ్ఞాపకాన్ని ఒక్కసారి పూర్తిగా చెప్పి వేలిముద్ర వేయాలి. అంతటితో అది వాళ్ళలోంచి పోయి అతనిలో చేరుతుంది. దాన్ని రోజూ వేళకు తలుచుకునే పూచీ అతనిది. పత్తి వారి కుప్పనూర్పులు ఉదయం ఏడింటికి, కొల్లి వారి చెల్లెలి ఓణీల వేడుక తొమ్మిదింటికి, ఇంకెవరిదో గాదె కింద దొరికిన పిల్లి పిల్లలు మధ్యాహ్నానికి. ఆదివారాలు ఇంటివాళ్ళు వచ్చి విని వెళ్ళవచ్చు. మొదట్లో నాలుగు వారాలు వచ్చారు కూడా. తర్వాత, అతను బాగానే తలుస్తున్నాడు కదా, మళ్ళీ మనమెందుకని మానేశారు.

తల ఎంత పెద్దదైనా పట్టేది కొంతే. డాక్టరు సర్టిఫికెట్ ప్రకారం నిమాయ్ తలలో రెండు వందల పది పడతాయి. అందువల్ల ఊరిది ఒకటి లోపలికి వస్తే అతని సొంతానిది ఒకటి బయటికి పోవాలి. దాన్ని కాగితం మీద రాయించుకుని సచివాలయం బీరువాలో పెట్టి, గడువు తీరాక తిరిగి ఇస్తామని రసీదు ఇచ్చేవారు. నిమాయ్ ముందు పనికిరానివి చూసి ఇచ్చాడు: చిన్నప్పటి జ్వరం, ఎక్కాలు, స్టేషను దగ్గర టీ కొట్టువాడి తిట్లు. తర్వాత మామిడి తోటలు ఇచ్చాడు. తర్వాత స్నేహితులు. రెండేళ్ళు తిరిగేసరికి అతని బెంగాలీ భాష కూడా వెళ్ళిపోయింది. దాని బదులు అతని నోట గోదావరి జిల్లా పాత తెలుగు, మన తాతల నాటిది, చిలవలు పలవలతో సహా వచ్చి కూర్చుంది. ఎండాకాలం గురించి అడిగితే “వడగాడ్పు కొట్టేత్తందండి బాబూ, కాసిన్ని తరవాణీ నీళ్ళుంటే పొయ్యండి” అనేవాడు. తరవాణి అంటే పులియబెట్టిన గంజినీళ్ళని కుర్రాళ్ళు అతన్నే అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

ఇది ఊళ్ళో కొందరికి కంటగింపైంది. “ఎక్కణ్ణించో వచ్చి మన అమ్మమ్మల్నీ తాతల్నీ వీళ్ళే అనుభవించేత్తన్నారు” అని పంచాయతీకి అర్జీ పెట్టారు. అర్జీలో ఏ అమ్మమ్మ, ఏ తాత అన్న గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. నింపాలంటే నిమాయ్‌ని పిలవాలి.

నిమాయ్ దగ్గర సొంతానిది ఒక్కటే మిగిలింది. గంగ ఒడ్డున వాళ్ళ ఇల్లు, ఇంటి ముందు వాళ్ళమ్మ నిలబడి, పొద్దుగూకే వేళ, ఆడుకుంటున్న వాణ్ణి “పొటోల్!” అని పిలవడం. పొటోల్ అంటే అటువైపు ఒక కూరగాయ, మనం పిల్లల్ని బుడంకాయ అన్నట్టు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆరేళ్ళ కిందట నది ఒడ్డును కోసుకుంటూ వచ్చి, ఒక్క వానాకాలంలో ఇంటినీ వీధినీ మింగేసింది. అందుకే అతను కూలికి వచ్చాడు. తల్లి ఎవరి పంచలోనో తలదాచుకుంది. ఆ ఇల్లు భూమ్మీద మరెక్కడా లేదు గనక నిమాయ్ దాన్ని ప్రాణంలా దాచుకున్నాడు. ఎవరడిగినా “ఇదొక్కటీ అడక్కండి” అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేసేది.

ఆ ఏడు కొత్త సర్క్యులర్ వచ్చింది. బియ్యం కార్డూ, దానితోపాటు పని కార్డూ సొంత ఇల్లు లేనివారికే. వెల్ఫేర్ అసిస్టెంటు సుధీర్ నిమాయ్ ఫైలు తిరగేసి పెదవి విరిచాడు.

“నీకు ఇల్లుందని వస్తోంది నిమాయ్.”

“గంగలో కలిసిపోయింది కదండి.”

“నదిలో లేదు, నీ దగ్గరుంది. ముందు వాకిలి, అరుగు, తల్లి కూడా ఉన్నట్టు ఇక్కడ రాసుంది. అంత ఆస్తి పెట్టుకుని పేదవాళ్ళ కార్డు అడిగితే ఎలాగయ్యా? నేను బలవంతం చెయ్యను. ఉంచుకుంటే ఉంచుకో, నీ ఇష్టం. కార్డు పోతే పని పోతుంది, అంతే.”

పని పోతే నెలనెలా తల్లికి వెళ్ళే డబ్బు ఆగిపోతుంది. ఆ డబ్బు ఆగితే ఆ పంచలో ఆవిడను ఉండనివ్వరు. నిమాయ్ మూడు రోజులు గట్టు మీద కూర్చుని, ఊరివాళ్ళ పద్దులన్నీ వేళకు తలుచుకుంటూనే, సందు దొరికినప్పుడల్లా తల్లిని తలుచుకున్నాడు. అమ్మ బతకాలంటే అమ్మను మరిచిపోవాలి. ఎన్నిసార్లు ఆలోచించినా అంతకు మించి దారి కనబడలేదు. నాలుగో రోజు సచివాలయానికి వెళ్ళి, సుధీర్ రాసుకుంటుంటే నెమ్మదిగా చెప్పాడు. చివర్లో “పొటోల్” అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వేలిముద్ర వేసి రసీదు జేబులో పెట్టుకున్నాక, తాను ఎందుకు ఏడుస్తున్నాడో అతనికి తెలియలేదు.

ఖాళీ అయిన ఆ ఒక్క చోటూ శేషారత్నం గారికి కేటాయించారు. ఆవిడ రెండు చెరువుల ఆసామి. భర్త పోయాక ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. తన జ్ఞాపకాలన్నీ ఎప్పుడో ఇచ్చేసి, ఆవిడ కూడా ఒక్కటే ఉంచుకుంది. వరిచేను గట్టున వాళ్ళమ్మ నిలబడి “చిట్టీ, అన్నానికి రావే” అని పిలవడం. అది సరిగ్గా సాయంత్రం మేత వేసే వేళకే గుర్తొచ్చి, కళ్ళు మసకలు కమ్మి, మేత పాళ్ళు తప్పి రొయ్యలు చచ్చి తేలిపోతున్నాయి. “ఈ పంట కూడా పోతే నేను చెరువులో దూకాలి బాబూ, తీసేసుకోండి” అని ఆవిడే వచ్చింది. చెప్పి, వేలిముద్ర వేసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది. ఆ పంట బాగా వచ్చింది.

రొయ్యల పట్టుబడి అయిపోయాక ఒక ఆదివారం సాయంత్రం నిమాయ్ ఆవిడ షెడ్డు దగ్గర మంచినీళ్ళు తాగుతుంటే అతని ఫోను మోగింది. ఎవరో ముసలావిడ. “పొటోల్?” అంది.

“ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరండి” అన్నాడు నిమాయ్.

ఆవిడ ఏదో భాషలో మాట్లాడుతూనే ఉంది. మధ్యలో ఏడ్చింది. పెట్టేయడానికి మనసొప్పక, ఆవిడ అలిసిపోయి పెట్టేసేదాకా అతను ఊఁ కొడుతూ ఉన్నాడు.

“ఎవర్రా?” అంది శేషారత్నం గారు.

“తెలీదండి అమ్మగారు. వారం వారం చేత్తారు. మాట తెలీట్లేదు గానీ ఏడుపు తెలుత్తందండి. ఎవర్నో పోగొట్టుకున్నట్టున్నారు, పాపం.”

డబ్బు మాత్రం నెలనెలా అతని కూలిలోంచి కోసుకుని ఆ ముసలావిడకే వెళుతోంది. ఎవరికి వెళుతోందో అతనికి తెలియదు. అలా ఎవరికో పంపుకుంటూ బతికేవాళ్ళు లోకంలో బోలెడుమంది గనక, బ్యాంకువాళ్ళూ వింతగా చూడలేదు.

“నీకు అమ్మ లేదట్రా?” అంది ఆవిడ.

నిమాయ్ ముఖం వెలిగింది. “ఎందుకుండదండి? మా అమ్మ అదిగో, అక్కడ, చేను గట్టు మీద నిలబడి పిలిచేదండి. పసుపు రాసుకున్న కాళ్ళు, కొంగు బొడ్లో దోపుకుని. ‘చిట్టీ, అన్నానికి రావే’ అని. వరి వాసనండి అంతానూ. నేను వినబడనట్టు నటించేదాన్నండి, ఇంకోసారి పిలుత్తుందని.”

శేషారత్నం గారు చెరువు వైపు చూస్తూ విన్నది. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి.

“పెట్టి పుట్టావురా. మాకెవరున్నారు అలా పిలిచేవాళ్ళు? ఎక్కణ్ణించో వచ్చినోళ్ళు, మీకే అన్నీ దక్కుతాయి.”

“ఆయ్, మీ దయండి” అని నిమాయ్ గ్లాసు కడిగి బోర్లించాడు. ఆరున్నర కావస్తోంది. శేషారత్నం గారి పద్దులోని తల్లిని తలుచుకునే వేళైందని, ఆలస్యమైతే సగం కూలి కోస్తారని, గబగబా గట్టు మీదికి నడిచాడు.