మాటా–మంత్రీ

ఇకమీదట విపత్తులు చెప్పాపెట్టకుండా రావడం కుదరదని విపత్తుల శాఖ ప్రకటించింది. ఒకవేళ బుద్ధిలేక వచ్చినా, ఫోన్లు పనిచెయ్యని చోట కూడా, మంత్రిగారు రేడియో పెట్టెలో ప్రజల గోడు స్వయంగా ఆలకిస్తారు. పథకం పేరు ‘మాటా–మంత్రీ’. ఆ పేరు పెట్టింది మంత్రిగారి పీఏ. మంత్రిగారు మురిసిపోయి అతని భుజం తట్టారు. ఆ చొక్కా ఉతకనివ్వడానికి పీఏకి చాలాకాలం మనసొప్పలేదు.

పెట్టె సలహా మాత్రం పీఏ బావది. బావకి కళ్లజోళ్ల కొట్టుంది. సెలవొస్తే చాలు, ఇటుకంత రేడియో, ఓ బ్యాటరీ, చుట్ట చుట్టిన తీగ సంచీలో వేసుకుని కొండెక్కేస్తాడు. తీగని చెట్టుకొమ్మ మీదికి విసిరి, మైకు పుచ్చుకుని, సముద్రాల అవతల ముక్కూ మొహం తెలీని వాళ్లతో కబుర్లాడతాడు. “ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి. కొండెక్కితే మాత్రం వసపిట్ట,” అని పీఏ అక్క దెప్పుతూ ఉంటుంది.

మంత్రిగారి గదిలో బావ పాఠం మొదలెట్టాడు.

“చాలా తేలికండీ. ఈ బటన్ నొక్కితే మనం మాట్లాడతాం. వదిలితే వాళ్లు మాట్లాడతారు. నొక్కి ఉంచినంతసేపూ ఎవరి మాటా మనకి వినపడదు.”

“నొక్కడం నాకు కొత్తేం కాదులేవయ్యా,” అన్నారు మంత్రిగారు నిరాడంబరంగా.

గదిలో ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారిగా ఫ్యాన్ వైపు చూశారు.

“మాట అయిపోగానే ‘ఓవర్’ అని, బటన్ వదిలెయ్యాలండీ.”

మంత్రిగారి మొహం మాడింది. “ఓవరా? ఎవరి పని ఓవర్?”

“మాట ఓవరండీ.”

“నా మాట ఓవర్ అవడమేమిటి?”

సాయంత్రానికల్లా సర్క్యులర్ వెళ్లిపోయింది. ‘ఓవర్’ అనుట అశుభము. బదులుగా ‘ఇంకా ఉంది’ అనవలెను. ఊరూరా పెట్టెలందుకున్న అధికారులు దాన్ని భక్తిగా బట్టీపట్టారు.

బావ పీఏని మెట్ల కిందికి లాక్కెళ్లాడు. “ఒరే, ఇంకా ఉందంటూ ఉంటే బటన్ ఎవడు వదుల్తాడ్రా?”

“బావా, నీకు దణ్ణం పెడతాను. నా కుర్చీకి ఎసరు పెట్టకు.”

పీఏ భయం పీఏది. ప్రారంభం రోజున ఒక్క ఫిర్యాదు తన చెవిన పడినా రికార్డుల గదికి పంపేస్తానని మంత్రిగారు మాటిచ్చారు. ఆయన నిలబెట్టుకునే మాటలు అలాంటివే. రికార్డుల గదికి కిటికీ లేదు. అందులోకి వెళ్లినవాళ్లు మళ్లీ రిటైర్‌మెంట్ దండతోనే బయటికొస్తారు.

ప్రారంభానికి ఏటి మధ్య కొండని ఎంచారు. బావని ఊళ్లో కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. వంతెన దాటి, కొండెక్కి, తీగ కట్టి, ఫొటోలు దిగారు. ఫొటోలు అవగానే ఫొటోలవాళ్లు దిగిపోయారు. వాళ్లని దింపొస్తానని కారు కూడా వెళ్లింది. పైన మిగిలింది ఇద్దరే.

మంత్రిగారు బటన్ నొక్కారు. “ప్రియమైన ప్రజలారా! మీ కష్టాలు చెప్పండి. వింటున్నాను.”

బటన్ నొక్కిపట్టుకునే, కళ్లు మూసుకుని, శ్రద్ధగా విన్నారు. ఎక్కడా చడీచప్పుడు లేదు.

“చూశావా? ఒక్కడికీ కష్టం లేదు!”

పీఏ నాలిక చివరిదాకా వచ్చింది మాట. రికార్డుల గది గుర్తొచ్చి మింగేశాడు. “మీ పాలన అలాంటిది సార్,” అన్నాడు.

ఆ ఉత్సాహంలో మంత్రిగారు తమ బాల్యం నుంచి ఎత్తుకున్నారు. కింద ఏరు రంగు మారింది. పీఏ అటు చూశాడు, బటన్ మీది బొటనవేలు చూశాడు, తన ఉద్యోగం చూసుకున్నాడు. నోరు మెదపలేదు. ఇది చాలామంది చేసే పనే గానీ, ఇంత ఎత్తులో నిలబడి చెయ్యడం అతనికి అదే మొదటిసారి.

గొంతు ఎండి, మంచినీళ్ల కోసం మంత్రిగారు మైకు పీఏ చేతిలో పెట్టారు. బటన్ వీడింది. పెట్టె భళ్లుమంది.

“ఒరే బావమరిదీ! పైన డ్యాము గేట్లెత్తేశారు, వెంటనే దిగి—”

అంతలో ఓ అధికారి గొంతు దాన్ని తొక్కేసింది. “మంత్రిగారికి శతకోటి అభినందనలు! ఇంకా ఉంది! తమరి గొంతు వింటే రోగాలు నయమవుతున్నాయి! ఇంకా ఉంది!”

పీఏ కిందికి చూశాడు. “సార్, వంతెన లేదు!”

“మంజూరు చేద్దాం.”

“ఉన్న వంతెనే సార్! మనం దాటొచ్చిందే!”

పెట్టెలో అభినందనలు ఆగడం లేదు. చివరికి ఎవరికో దగ్గొచ్చింది. ఆ సందులో బావ దూరాడు.

“పడవ సిద్ధం! కొండకి తూర్పున రావాలా, పడమరనా? ఒక్క ముక్క చెప్పి వదిలెయ్యండి!”

మంత్రిగారు మైకు లాక్కున్నారు. “ప్రియమైన ప్రజలారా! మీ మంత్రి ఆపదలో ఉన్నాడు. ఆపదలు నాకు కొత్త కాదు. నా బాల్యంలో...”

బ్యాటరీ దీపం ఎర్రబడింది. పీఏకి మళ్లీ రికార్డుల గది కళ్లముందు మెదిలింది. ఈసారి అది పొడిగా, హాయిగా కనిపించింది.

“సార్, వదిలెయ్యండి!” అని అరిచాడు. “అందరి మంచి కోరి చెప్తున్నాను, ఇక వదిలెయ్యండి!”

“ఏమిటి? పదవినా?”

మంత్రిగారి బొటనవేలు బటన్ మీదే ఉంది. ఊరూరా పెట్టెల్లో ‘వదిలెయ్యండి’, ‘పదవి’ అన్న రెండు మాటలూ రాజీనామాలా ఖంగుమని మోగాయి. దీపం ఆరిపోయింది.

పొద్దువాలే వేళకి, ఇద్దరూ కొండ దిగి నీళ్ల అంచున నిలబడి ఉండగా, పడవ వచ్చింది. ముందు ఓ ఫ్లెక్సీ, దాని మీద ‘నూతన విపత్తుల మంత్రివర్యులకు స్వాగతం’ అని కొత్త మొహం. ఫ్లెక్సీ వెనకాల అదే మొహం, నోటి దగ్గర మైకు.

“ప్రియమైన ప్రజలారా! మీ కష్టాలు చెప్పండి. వింటున్నాను.”

పడవ చివర కూర్చున్న బావ వీళ్లని చూశాడు. లేచి నోరు తెరిచాడు. కొత్త పీఏ ఎవరో పెదాల మీద వేలేసి, చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

మంత్రిగారు మోకాల్లోతు నీళ్లలోకి దిగిపోయారు. “వదులు! ఆ బటన్ వదలవయ్యా బాబూ!”

కొత్తాయన చిరునవ్వుతో చెయ్యి ఊపాడు. పడవ కొండ మలుపు తిరిగి కనుమరుగైంది.

మంత్రిగారు నీళ్లలోంచి పీఏ వైపు తిరిగారు. “ఇప్పుడేమంటారయ్యా దీన్ని?”

“ఓవర్ సార్,” అన్నాడు పీఏ.