లావెండర్ పులిహోర

ఆ శనివారం పొద్దున విజయశ్రీ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పు. తెలుగు సంఘం కమిటీవాళ్ళు మధ్యాహ్నం వచ్చి రుచి చూస్తారు. నచ్చితే దీపావళి భోజనాల ఆర్డరు ఆమెదే. వాళ్ళుండే అమెరికా ఊరు ట్రాయ్‌లో ఆ యేడు కార్ల కంపెనీలు ఇంజనీర్లను వరసపెట్టి ఇళ్ళకు పంపేశాయి. ఆ వరసలో ఆమె భర్త కృష్ణమోహన్ కూడా ఉన్నాడు. ఆ ఆర్డరు ఎంత అవసరమో ఆ ఇంట్లో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు.

"మీరు నాకు ఒక్క హెల్ప్ చేయండి," అంది వంకాయలు కోస్తూ.

"చెప్పు, చెప్పు!"

"ఏ హెల్పూ చేయకండి."

పాపం, కృష్ణమోహన్‌కి చేతకానిది అదొక్కటే. పైగా అది స్వైన్ ఫ్లూ యేడు. నలుగురు వచ్చే ఇంట్లో శానిటైజర్ లేకపోతే ఏం బాగుంటుందని షాపుకి పరిగెత్తాడు. అక్కడ అరముందు నిలబడి ప్రతి సీసా వెనకా చదివాడు. ఆల్కహాల్ అరవై శాతానికి తగ్గకూడదు, చేతులు ఎండిపోకుండా కలబంద ఉండాలి, పంపు సాఫీగా దిగాలి. ఇంజన్ డిజైన్‌కి కూడా ఆయన ఇంత శ్రద్ధ పెట్టి ఉండడు. చివరికి అన్ని పరీక్షలూ నెగ్గిన పెద్ద సీసా ఒకటి దొరికింది. దానిమీద 'లావెండర్ సువాసన' అని కూడా ఉంటే, ఊరికే వస్తోంది కదా అని మురిసిపోయాడు.

కమిటీ రాగానే గుమ్మంలోనే సీసాతో ఎదురువెళ్ళాడు. "సింక్ దాకా ఎందుకండీ, ఇలా చేతులు పట్టండి!"

అధ్యక్షురాలు శశికళ, కార్యదర్శి వీరభద్రం తీర్థానికి పట్టినట్టు అరచేతులు పట్టారు. కోశాధికారి పరంధామయ్య పెద్దాయన. మొన్ననే కారు తలుపులో వేళ్ళు నలిగి కుడిచేతికి కట్టు కట్టుకుని ఉన్నాడు. ఆయనను వదిలేసి, ఎడమచేతికి ఒక స్పూను ఇచ్చారు.

అందరూ కూర్చున్నారు. శశికళ పులిహోర ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆగిపోయింది.

"విజయశ్రీ గారూ, ఇందులో ఏం వేశారండీ?"

"మామూలేనండీ. చింతపండు, ఇంగువ, పల్లీలు..."

"కాదు, ఏదో అగరొత్తుల వాసన!"

"నాకైతే మా ఆవిడ షాంపూ తింటున్నట్టుంది," అన్నాడు వీరభద్రం.

"మీకేమైందర్రా? పులిహోర అమృతంలా ఉంటేనూ!" అన్నాడు పరంధామయ్య. "అమ్మా, ఇంకొంచెం వడ్డించు."

విజయశ్రీ వంటింట్లోకి వెళ్ళి గరిటెడు తీసుకుని రుచి చూసింది. ఆమె ముక్కుకి ఏ వాసనా తగల్లేదు. అయినా ఇద్దరు చెప్పాక అనుమానం రాకుండా ఉంటుందా? కొత్త ఇంగువ డబ్బా చెత్తలో పడింది. దాని వెనకే కొత్త నూనె సీసా కూడా పడింది. ఉన్న అన్నంతో మళ్ళీ పులిహోర కలిపి, పాత నూనెలో కొత్త తాలింపు పెట్టింది. కంగారులో ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు కమ్మింది.

ఈలోపు కృష్ణమోహన్ ఊరుకున్నాడా? "ఫ్రెష్‌గా ట్రై చేయండి," అని ఇద్దరి చేతుల్లోనూ మళ్ళీ జెల్ నొక్కాడు. కొత్త పులిహోర వచ్చింది. ఇద్దరూ ముద్ద కలిపారు.

"అయ్యో, ఇప్పుడు ఇంకా ఎక్కువైంది!" అంది శశికళ.

"వాసనా? ఏ వాసన?" అన్నాడు పరంధామయ్య. అంతలో మిరప ఘాటుకి వరసగా తుమ్మాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ముక్కు తుడుచుకున్నాడు.

శశికళ, వీరభద్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత వాసన ఆయనకి తెలియడం లేదు. పైగా తుమ్ములు!

"స్వైన్ ఫ్లూ!" అని గొణిగాడు వీరభద్రం. "కార్లో నా పక్కనే కూర్చున్నాడండీ!"

"పరంధామయ్య గారూ, మీరు నిదానంగా తినండి," అంటూ శశికళ లేచింది. "చెట్ల ఆకులకి ఫాల్ కలర్స్ వచ్చాయి, మేం ఒక్క నిమిషం చూసొస్తాం."

ఇద్దరూ ఒక్క ఉరుకున ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్‌మీద పడ్డారు. వెనకే సీసాతో కృష్ణమోహన్. ఆ చలిలో నిలబడి ముగ్గురూ మోచేతులదాకా జెల్ పూసుకున్నారు. అతిథులు ఏమయ్యారా అని విజయశ్రీ వస్తే, ఆమె అరచేతిలోనూ ఇంత పోశాడు.

"ఆర్డర్ సంగతి మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడదాం లెండి," అంది శశికళ.

అంతే, విజయశ్రీకి దుఃఖం ఆగలేదు. తెల్లవారకముందు లేచి వండింది, మంచి నూనె పారబోసుకుంది, చివరికి ఇదీ ఫలితం. కళ్ళు తుడుచుకోబోయి, చెయ్యి ముక్కు దగ్గరికి రాగానే ఆగింది. ఇంకోసారి వాసన చూసింది.

"ఏమండీ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

మొగుడి చెయ్యి వాసన చూసింది. శశికళ చెయ్యి చూసింది. వీరభద్రం చెయ్యి లాక్కుని మరీ చూసింది. ఆయన బెదిరిపోయాడు.

"కంపు నా పులిహోరలో కాదండీ, మీ చేతుల్లో ఉంది! ఇంత పూసుకుని కలుపుకుంటే అన్నం ఏం చేస్తుంది?"

కృష్ణమోహన్ సీసా వెనక్కి దాచుకున్నాడు. "అది మంచి రేటింగ్ ఉన్నదే," అన్నాడు మెల్లగా.

అందరూ లోపలికి వచ్చి, సబ్బు పెట్టి, వేడినీళ్ళతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు. సిగ్గు ఒకపక్క, ఆకలి ఒకపక్క. ఈసారి సరిగ్గా రుచి చూద్దామని బల్ల దగ్గరికి వచ్చారు.

బల్లమీద పులిహోర లేదు. వంకాయ లేదు. పప్పు గిన్నె అడుగున ఎడమచేత్తో పట్టిన స్పూను టకటకా తిరుగుతోంది.

"మీరు ఎంతకీ రాకపోతే చల్లారిపోతుందని కానిచ్చేశాను," అన్నాడు పరంధామయ్య తృప్తిగా. "దీపావళికి ఈ అమ్మాయే వండాలి. కాదనేవాళ్ళు ఉంటే కారణం చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. తిన్నది ఆయనొక్కడే కాబట్టి, కమిటీ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.