గడ్డి వలకు జేజేలు

గుర్రాలకు క్రమశిక్షణ లేకపోవడానికి కారణం ఎవరు? మనమే! అడిగినంత గడ్డి వేసి చెడగొట్టాం.

నమ్మకపోతే మా గుర్రాల షెడ్డుకు రండి. అక్కా బావా పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పుతారు. జీన్లు తుడవడం, సలహాలివ్వడం నా డ్యూటీ. రెండోది అడక్కుండానే చేస్తాను.

ఇదివరకు అక్క ఎండుగడ్డి నేలమీదే వేసేది. గుర్రాలు మంచి పరకలు ఏరుకు తిని, మిగతాది తొక్కి, దానిమీదే ఉచ్చ పోసి, ఆనక మొహం తిప్పుకునేవి. కొత్తల్లుడికైనా అంత టెక్కుంటుందా?

అప్పుడు తెచ్చారండీ బావగారు, గడ్డి వల! గడ్డి కుక్కి గోడకు కట్టేస్తే, గుర్రం పళ్లతో పరకా పరకా లాక్కుని తినాలి.

"కంతలు మరీ చిన్నవేమోనండీ," అంది అక్క.

"చిన్నవైతేనే ఆదా!" అన్నారు బావగారు. నేను చప్పట్లు కొట్టాను.

ఏం మార్పు, ఏం మార్పు! ఊసుపోక తలుపులు కొరికే గుర్రాలు కూడా పనిలో పడ్డాయి. బావగారు పొద్దున్నే వచ్చి, శుభ్రమైన నేలను చూసి మురిసిపోయి వెళ్లేవారు. గుర్రాల మొహం చూసే తీరికెక్కడిది?

అందరిలోకీ ఫస్టు మా ముసలి గుర్రం రాణిగారు. దాని వల కింద ఒక్క పరక రాలితే ఒట్టు! సాయంత్రానికి వల నిండుగా అలాగే ఉండేది. పొదుపంటే అదీ! జీను బెల్టు వదులైతే నేనే కొత్త బెజ్జాలు పొడిచాను. ఫిగర్ మెయింటెయిన్ చేస్తోందని బావగారు మిగతా గుర్రాలకు దాన్ని చూపించి నాలుగు చీవాట్లు కూడా పెట్టారు.

మొన్న అక్క జీను దించి దాని డొక్కమీద చెయ్యి వేసింది. ఎముకలు తగిలాయి. నోరు తెరిచి చూస్తే ముందుపళ్లు అరిగి మొద్దులైపోయి ఉన్నాయి.

"ఇది పొదుపు చెయ్యట్లేదురా, పస్తులుంటోంది," అంది. నేను జీను బెల్టు బెజ్జాలు లెక్కపెట్టాను. ఇన్నాళ్లూ ఆ బెజ్జాలు పొడిచింది నేనే కదా!

అక్క వల విప్పి అవతల పారేసింది. గడ్డి తడిపి తొట్టిలో వేసింది. రాణిగారు మూతి దూర్చి, సగం నమిలి, సగం నేలపాలు చేసింది.

"అయ్యయ్యో, ఎంత వేస్టో చూడవే!" అని బావగారు లబోదిబోమన్నారు.

అక్క చీపురు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "తినే నోరున్నచోట నాలుగు పరకలు రాలతాయి. ఊడవండి."

ఆడవాళ్లకు టెక్నాలజీ విలువ తెలియదని ఊడుస్తూ గొణుక్కున్నారు బావగారు. నిజమే మరి! ఆ వలకు వంక పెట్టగలరా? గడ్డి అంతా మిగిల్చింది. ఇంకొన్నాళ్లు ఉంచితే, ఆ గడ్డి తినడానికి గుర్రమే మిగిలేది కాదు, అంతే!