హోమ రక్షలో గ్రాఫీన్

ఆ సోమవారం పొద్దున్న కామేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయడం, దేవుడి గూట్లోంచి డబ్బా తీసుకోవడం, రాజాం బస్సెక్కడం. డబ్బాలో ఉన్నది గ్రాఫీన్ పొడి, అంటే కంటికి ఆననంత పల్చటి కార్బన్ రేకులు. వాటితో ఛార్జింగు బ్యాటరీకి మంచి ఆనోడు, అదే మైనస్ ధ్రువం, చేయాలని అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఏడాదిగా తంటాలు పడుతున్నాడు. పాడు రేకులు దొంతర పెట్టిన అప్పడాల్లా అంటుకుపోయి, బ్యాటరీ కొన్నాళ్ళకే నీరసించేది. "ఈసారీ ఇంతే అయితే ప్రాజెక్టు మూసేద్దామయ్యా," అని ప్రాజెక్టు పెద్ద హరిబాబు సారు మర్యాదగానే చెప్పారు. ప్రాజెక్టుతో పాటు కామేష్ ఉద్యోగమూ మూతపడుతుంది.

ల్యాబు కప్పు కారుతోందని పొడిని శ్రీముఖలింగంలోని ఇంటికి తెచ్చాడు. మడి లేకుండా ఎవరూ ముట్టరని దేవుడి గూట్లో పెట్టాడు. తెలివైన పనే. కాకపోతే అది చెల్లెలు శ్రీలలిత పెళ్ళిలో పంచగా మిగిలిన స్టీలు డబ్బా. తండ్రి చంద్రశేఖరం గారు హోమం చేసినప్పుడు మిగిలిన నల్లటి మసిని, అదే రక్షను, దాచేదీ అలాంటి డబ్బాలోనే.

"అమ్మా! నా డబ్బా ఏదీ?"

"నాన్నగారు వీధి గుడికి ఏదో డబ్బా పట్టుకెళ్ళారురా. నిన్న హోమం అయింది కదా, అందరికీ రక్ష పెట్టాలిట," అంది లక్ష్మీకామేశ్వరి.

గూట్లో మిగిలిన డబ్బా మూత తీస్తే గుప్పున హోమం వాసన! మార్చేద్దామని ఆ డబ్బా చేతపట్టుకుని కామేష్ గుడికి పరిగెత్తాడు. అక్కడ చంద్రశేఖరం గారు ఏడాది పరిశోధనను చిటికెడు చిటికెడుగా నేతిలో రంగరించి అందరి నుదుటా పెడుతున్నారు. బొట్టు నిగనిగలాడుతోంది, తుడిచినా పోవడం లేదు. ఆ మహిమ కబురు ఊరంతా పాకి వరస వంశధార గట్టు దాకా సాగింది. రైతు కూర్మయ్య ఏకంగా దూడనే తోలుకొచ్చాడు.

"నాన్నగారూ, ఆపండి! అది రక్ష కాదు, బ్యాటరీ!"

"శక్తి ఉంటుందనే కదరా నేనూ చెబుతున్నది," అన్నారాయన దూడ నుదురు వెతుక్కుంటూ.

కామేష్‌కి మతి పోయింది. బస్సు పాసు తీసి, ఎదురుగా ఉన్న చేపల మరిడమ్మ నుదురు గీకబోయాడు.

"ఏటి బాబూ, సదువుకున్నోడివి, బొట్టు గీకేత్తావేటి! నా బాబీ సంద్రం మీదున్నాడు. ఆడికేటైనా అయితే నువ్వు తెత్తావా?" అని ఆమె గంప ఎత్తింది. వరసంతా గొల్లుమంది.

ఇంతలో చంద్రశేఖరం గారు కామేష్ చేతిలో డబ్బా చూశారు. "బంగారు కొండ! ఇక్కడిది నిండుకుంటోందిరా," అంటూ, వాడు నోరు తెరిచేలోగా దాన్ని తన డబ్బాలో బోర్లించి చక్కగా కలిపేశారు.

కామేష్ మెట్ల మీద కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది. సంగతి తెలిశాక పెద్దాయన మొహమూ చిన్నబోయింది. "సగం రక్షే కదరా, చెరుపు చెయ్యదులే. పట్టుకెళ్ళు."

వేరే గతిలేక పట్టుకెళ్ళాడు. గుండీ అంత బ్యాటరీలు కట్టి, పరీక్ష యంత్రానికి తగిలించి, రాజీనామాలో మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాడు.

వారాలు గడిచాయి. బ్యాటరీ మాత్రం నీరసించలేదు. మైక్రోస్కోపులో పొడిని చూసి హరిబాబు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఈ సన్న మసి, రేకుల మధ్య దూరి, అంటుకోకుండా అడ్డం కూర్చుందయ్యా! ఇంత ఊహ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? ప్రాజెక్టు పొడిగిస్తున్నారు. అదే మసితో ఇంకో విడత చెయ్యి."

కామేష్ ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "నాన్నగారూ, రక్ష కావాలి!"

"ఇస్తాను గాని, ముందు నీ పొడి ఒక డబ్బా పడెయ్," అన్నారాయన నీరసంగా. గుమ్మంలో మరిడమ్మ, వెనక కూర్మయ్య, దూడ నిలబడి ఉన్నారు.

"బాబీ పడవ నిండా సేపలట్టుకొచ్చీసినాడు," అంది మరిడమ్మ. "మాకు ఉత్త ఓమం రచ్చ వద్దు బాబూ. ఆ బేటరీ బొట్టే పెట్టీయండి."

ఒప్పందం కుదిరింది. ల్యాబులో పావువంతు పొడి ఎటు పోతోందని ఎవరైనా అడిగితే, కామేష్ ఇప్పటికీ తొణక్కుండా, "ఫీల్డు ట్రయల్స్ సార్," అంటాడు.